ఎడారి మొక్కలకి సీజన్ అంటూ ఉంటుందా? నా బాల్కనీలో ఒక్కోటి ఒక్కో పంచాంగం చూస్తోంది

మేడమీద_మల్లిక
బెంగళూరు బానసవాడిలో మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. నర్సరీలో కొన్నప్పుడు అతను చెప్పింది ఒకటే మాట: "అన్నీ ఎడారి మొక్కలే మేడమ్, పది రోజులకోసారి నీళ్లు చాలు." అలాగే చేస్తున్నాను. అడీనియం ఏప్రిల్, మే నెలల్లో విరగబూసింది. అదే ఎండకి పక్కనున్న ఏయోనియం కింది ఆకులన్నీ రాల్చేసి మొగ్గలా ముడుచుకుపోయింది. డిసెంబర్‌లో సీన్ రివర్స్. అడీనియం బోడి కొమ్మలతో నిలబడితే ఏయోనియం నిగనిగలాడింది. గులకరాయిలా కనిపించే లిథాప్స్ సంగతి అడక్కండి, జూలైలో ముసురు పట్టినప్పుడు వేలితో తాకితే కారిపోయింది. ఒకే షెల్ఫు, ఒకే ఎండ, ఒకే నీళ్లు. అన్నీ ఎడారివే అయితే ఒకే కాలంలో పెరగాలి కదా? అసలు ఎడారిలో మొక్క ఎప్పుడు చిగురించాలో దేన్ని చూసి తెలుసుకుంటుంది?

బసవనగుడి_బాబాయ్
ఇందులో తెలుసుకోడానికి ఏముందమ్మా. వాన పడితే చిగురు, పడకపోతే నిద్ర. ఎడారైనా మా పొలం గట్టైనా అంతే.

కుండీల_కుమార్
మల్లిక గారూ, ఏయోనియం అసలు ఎడారి మొక్కే కాదు. చాలా రకాలు కానరీ దీవులవి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడి. డిసెంబర్‌లో నిగనిగలాడక ఏం చేస్తుంది? నర్సరీల్లో ఆకు కాస్త మందంగా కనిపిస్తే చాలు, ఎడారి అని చెప్పి అమ్మేస్తారు. లిథాప్స్ ఫోటో ఉంటే పెట్టండి.

మేడమీద_మల్లిక
ఫోటో తీసే స్థితిలో లేదండీ. చెంచాతో తీసేశాను.

వైట్‌ఫీల్డ్_వదిన
😂😂 చెంచాతో

సోనోరా_రిటర్న్
@బసవనగుడి_బాబాయ్ "వాన పడితే" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఉద్యోగం మీద కొన్నేళ్లు అరిజోనాలో టక్సన్‌లో ఉన్నాను. ఊరంతా సోనోరా ఎడారిలోనే. అక్కడ ఏడాదికి దాదాపు 300 మి.మీ. వాన, అదీ రెండు విడతలు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఉరుములతో కొట్టే వానలు (వాళ్లు కూడా మాన్సూన్ అనే అంటారు), డిసెంబర్ నుంచి మార్చి దాకా నెమ్మదిగా కురిసే చలి వానలు. ఈ రెండింటికీ మొలిచే మొక్కల గుంపులు వేరు. చలి వానకి వచ్చే పసుపు పాపీలు, లూపిన్లు జూలై వానకి ఎంత తడిసినా లేవవు. విత్తనాలు మాత్రం రెండు రకాలవీ అదే నేలలో పక్కపక్కనే ఉంటాయి.

ఒకోటియో అని నిలువెత్తు ముళ్ల కర్రల పొద ఒకటుంది. మంచి వాన పడిన రెండు మూడు రోజులకే ఒళ్లంతా ఆకులు. నేల ఆరగానే రాల్చేస్తుంది. ఏడాదిలో ఎన్నిసార్లు గట్టి వాన పడితే అన్నిసార్లు ఇదే తంతు. ఇక్కడి దాకా బాబాయ్ గారి లెక్క సరిపోయింది. కానీ అదే పొద పూత మాత్రం వాన ఉన్నా లేకున్నా వసంతంలోనే వస్తుంది. సరిగ్గా అప్పుడే మెక్సికో నుంచి ఉత్తరానికి వలస పోయే హమ్మింగ్‌బర్డ్‌లు దారిలో తేనె కోసం దాని మీద వాలతాయి. ఒకే మొక్క, ఆకుకి వాన కావాలి, పువ్వుకి నెల కావాలి.

ఇక సినిమాల్లో చేతులెత్తి నిలబడే పెద్ద కాక్టస్, సగువారో. అది పూసేది మే, జూన్‌లో, అంటే ఏడాది మొత్తంలో అన్నిటికంటే పొడి రోజుల్లో. కాండంలో దాచుకున్న నీళ్లతో పూస్తుంది. జూన్ చివరికి పళ్లు పండి, విత్తనాలు రాలేసరికి మాన్సూన్ దిగుతుంది. అక్కడి టొహోనో ఓధమ్ ప్రజలు ఆ పళ్లు కోసి, రసం పులియబెట్టి, వాన కోసం వేడుక చేసుకుంటారు. వాళ్లకి కొత్త సంవత్సరం అప్పుడే.

బసవనగుడి_బాబాయ్
దాచుకున్న నీళ్లు అంటే అదీ పాత వానే కదా బాబూ.

సోనోరా_రిటర్న్
ఆ లెక్కన మన కుళాయిలో వచ్చే కావేరీ కూడా పాత వానే బాబాయ్. నీళ్లు ఉండటం వేరు, ఎప్పుడు వాడాలో తెలియడం వేరు.

వైట్‌ఫీల్డ్_వదిన
మా వైపు కుళాయిలో కావేరీ ఎక్కడిది, ట్యాంకరే 🙄 అయినా నా మొక్కలన్నీ ఎడారి మొక్కలైంది మా కింది ఫ్లాట్ ఆవిడ వల్ల. బాల్కనీలో నీళ్లు పోస్తే ఆవిడ ఆరేసిన బట్టల మీద చుక్కలు పడుతున్నాయట. గులాబీలు తీసేసి కాక్టస్‌లు పెట్టాను.

అనంత_రైతుబిడ్డ
సోనోరా అన్నా, ఒక డౌట్. మా అనంతపురంలో ఏడాదికి 550 మి.మీ. దరిదాపుల్లో పడుతుంది, అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు. మే నెలలో ఒక అడ్డ వాన పడిందని ఎవరూ గొర్రు కట్టరు. మట్టి లోపలి దాకా తడిసి పదునైతేనే వేరుశనగ విత్తుతారు. పైపైన తడికి తొందరపడి విత్తితే గింజ మొలిచి మాడిపోతుంది, విత్తనాల డబ్బు మళ్లీ అప్పు. ఎడారి విత్తనానికి కూడా ఇలా పదును చూసుకునే పద్ధతి ఏమైనా ఉందా? లేకపోతే మొదటి జల్లుకే అన్నీ మొలిచి చచ్చిపోవాలి కదా.

సోనోరా_రిటర్న్
@అనంత_రైతుబిడ్డ భలే పట్టుకున్నావు. దీని మీద 1940ల్లోనే ప్రయోగాలు జరిగాయి. కాలిఫోర్నియాలో ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త ఎడారి మట్టిని ట్రేలలో పోసి, దాని మీద కృత్రిమంగా వాన కురిపించి చూశాడు. చిన్న జల్లులకి విత్తనాలు కదల్లేదు. 25 మి.మీ. దరిదాపుల్లో పడితే మొలిచాయి. తమాషా ఏంటంటే, మట్టిని కింది నుంచి నీళ్లు పీల్చుకునేలా తడిపితే ఎంత తడిసినా లాభం లేకపోయింది. వాన పై నుంచే పడాలి. విత్తనం పొట్టులో మొలకని ఆపే పదార్థాలుంటాయి, అవి కడుక్కుపోయేంత నీళ్లు దాని మీదుగా పారాలి. అదే మట్టిని చల్లగా ఉంచి తడిపితే చలికాలం మొక్కలు, వెచ్చగా ఉంచి తడిపితే వేసవి మొక్కలు వచ్చాయి. అంటే విత్తనం రెండు చూస్తుంది, ఎంత నీరు, ఎంత వేడి.

బసవనగుడి_బాబాయ్
పొట్టులో రసాయనం ఉన్నా, అది కదిలేది వానతోనే. నా మాట నిలిచే ఉంది.

ప్రకృతి_ప్రియ
ఎంత తెలివి చూడండి ప్రకృతి తల్లికి 🙏

విత్తనాల_విజయ
@ప్రకృతి_ప్రియ తెలివి అనుకోకండి. మొదటి జల్లుకే లేచేవి వాడిపోయి విత్తనం ఇవ్వలేదు, ఆగినవి ఇచ్చాయి. తరాల తరబడి ఆగినవాటి పిల్లలే మిగిలాయి.

ఇంకో సంగతి, 25 మి.మీ. పడినా నేలలోని విత్తనాలన్నీ లేవవు. కొంత భాగమే మొలుస్తుంది, మిగతావి వచ్చే ఏడాదికో ఆ పై ఏడాదికో ఆగుతాయి. మొదట మంచి వాన పడి తర్వాత చుక్క రాలకపోతే మొలిచినవన్నీ పోతాయి, నేలలో ఉన్నవి వంశాన్ని నిలబెడతాయి. 1966లో డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త దీన్ని లెక్కల్లో పెట్టాడు. ఏడాదేడాదికీ వాన ఎంత అస్థిరంగా ఉంటే, ఒక్కసారికి అంత తక్కువ విత్తనాలు మొలవడమే మేలని తేలింది. టక్సన్‌లో టుమామోక్ హిల్ మీద 1903లో పెట్టిన డెసర్ట్ లాబొరేటరీ ఉంది, సోనోరా అన్నకి తెలిసే ఉంటుంది. అక్కడ లారెన్స్ వెనబుల్ బృందం 1982 నుంచి ఏటా చలికాలపు చిన్న మొక్కల్ని గుర్తులు పెట్టి లెక్కిస్తూ వచ్చింది. ఏడాదేడాదికీ దిగుబడి బాగా ఎగిరిపడే జాతుల్లో, నేలలో ఆగిపోయే విత్తనాల వాటా ఎక్కువని వాళ్ల లెక్కల్లోనూ కనిపించింది.

నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఆ బృందం 2010లో రాసిన సంగతి. ఆ ప్రాంతం వేడెక్కుతోంది. అయినా చలికి అలవాటుపడిన జాతులే ఎక్కువవుతున్నాయట. ఎందుకంటే మొలిపించే మొదటి చలి వాన ఆలస్యమవుతోంది. ఇదివరకు శరదృతువులో కాస్త వెచ్చగా ఉండగానే పడేది, ఇప్పుడు డిసెంబర్ దాకా జరిగింది. సగటు ఉష్ణోగ్రత పెరిగినా, మొలక లేచే రోజున మాత్రం చలి ఎక్కువ.

అనంత_రైతుబిడ్డ
ఇది మాకు తెలిసిన బాధే. ఏడాది మొత్తం మీద వాన లెక్క బాగానే ఉందని టీవీలో చెబుతారు. అదునులో పడకపోతే ఆ లెక్క ఎవడికి కావాలి.

కోరమంగళ_కోడర్
డెత్ వ్యాలీలో పూల తివాచీ అని ఇన్‌స్టాలో చూసి, ఆఫీసు పని మీద కాలిఫోర్నియా వెళ్లినప్పుడు వీకెండ్ అంతా కారు నడిపి పోయాను. మార్చి నెలే. ఒక్క పువ్వు లేదు. రాళ్లు, ఉప్పు, నేను. పార్కు ఉద్యోగి నవ్వి "ఇది ఆ ఏడాది కాదు" అన్నాడు.

సోనోరా_రిటర్న్
నెల సరైనదే, ఏడాది తప్పింది. అక్కడ ఏడాదికి సగటున పడేదే 50 మి.మీ. పెద్ద పూత వచ్చిన ఏళ్లు 1998, 2005, 2016. మూడింటి వెనకా ఎల్‌నినో ప్రభావం చెబుతారు. 2016 పూతకి బీజం 2015 అక్టోబర్‌లో పడిన వరద వానల్లో ఉంది. పువ్వు మార్చిలో చూడాలంటే వాన కబురు అక్టోబర్ నుంచే కనిపెట్టాలి.

వేలచేరి_వాసు
చెన్నై నుంచి. చిలీలో అటకామా ఎడారిలో కూడా ఇంతే. మామూలుగా పూత సెప్టెంబర్, నవంబర్ మధ్య వస్తుంది. 2015లో మార్చి వరదల వల్ల ఒకసారి, అక్టోబర్ ప్రాంతంలో మళ్లీ ఒకసారి పూసింది. 2024లో జూలైలోనే, వాళ్ల నడి చలికాలంలో, ఊదా పూలు వచ్చేశాయి. బాబాయ్ గారికి ఇది పనికొస్తుంది, వానే ముందుకి లాగిందని 😄

ఇక నా ఏడుపు. మాకు పెద్ద వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఏ ఎడారి క్యాలెండరూ నా మేడకి సరిపోదు. ఇప్పటిదాకా తెచ్చిన లిథాప్స్ ఒక్కటీ బతకలేదు. అడీనియం మాత్రం ఏడాదంతా పూస్తూనే ఉంటుంది, ఆకులు రాల్చే పనే పెట్టుకోదు.

కుండీల_కుమార్
@వేలచేరి_వాసు మీకు చలికాలం లేదు కాబట్టి అడీనియం నిద్రపోదు. అది తూర్పు ఆఫ్రికా, అరేబియా వైపుది, చలి తగిలితే ఆకు రాలుస్తుంది. మా బెంగళూరులో డిసెంబర్, జనవరి రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి, అందుకే మల్లిక గారి మొక్క బోడి అయింది. లిథాప్స్ పోవడానికి మాత్రం వాన ఒక్కటే కారణం కాదు, మీ రాత్రులు కూడా. కాక్టస్‌లు, లిథాప్స్ లాంటివి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటాయి. పగలు తెరిస్తే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. ఈ పద్ధతికి రాత్రి చల్లబడాలి. వేసవిలో మీకు అర్ధరాత్రి కూడా 28 డిగ్రీలుంటే వాటికి ఊపిరాడదు.

జమ్మి_ఆకు
వానకే చిగురు అన్న బాబాయ్ గారి మాటకి నా వైపు నుంచి ఒక చెట్టు సాక్ష్యం. మాది కరీంనగర్ వైపు, ఉద్యోగం వల్ల జోధ్‌పూర్‌లో ఉండి, ఇప్పుడు హెబ్బాళ. మన జమ్మి చెట్టే అక్కడ ఖేజ్రీ. మనకి తెలంగాణ రాష్ట్ర వృక్షం, వాళ్లకి రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. థార్‌లో వాన అంటే జూలై, ఆగస్టు, సెప్టెంబర్ మాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో నేలంతా పెనం. గడ్డి లేదు, పొదలు ఎండు కట్టెలు. ఆ పెనం మీద జమ్మి కొత్తాకు వేసుకుని, పసుపు కంకులు పూసి, కాయ కాస్తుంది. ఆ లేత కాయలే సాంగ్రీ, ఎండబెట్టి ఏడాదంతా కూర వండుకుంటారు. అంటే చివరి వాన పడి ఏడెనిమిది నెలలయ్యాక, వచ్చే వానకి ఇంకా నెలో రెండు నెలలో ఉండగా చిగురేస్తోంది. ఏ వాన చూసి?

రోహిడా అని ఇంకో చెట్టు, చలికాలం చివర్లో ఆకు రాల్చుకుని నారింజ రంగు పూలతో నిండిపోతుంది. అదీ వాన లేని కాలమే. సేవణ్ గడ్డి మాత్రం వాన కోసం కాచుకుని ఉంటుంది, తడవగానే పచ్చబడుతుంది. ఒకే ఇసుక మీద మూడు రకాలు.

బసవనగుడి_బాబాయ్
జమ్మి వేరు పాతాళానికి పోతుంది. దానికి ఏడాదంతా వానాకాలమే. మినహాయింపు చూపించి సూత్రం తప్పంటే ఎలా?

జమ్మి_ఆకు
వేరు పదుల మీటర్ల లోతుకి పోతుంది, నిజమే. అందుకే అడుగుతున్నా. ఏడాదంతా నీరు అందుతుంటే ఏడాదంతా చిగురేయాలి కదా? ఎండ ముదిరే ముందే ఎందుకు? నీరు ఎలా దొరుకుతుందో మీరు చెబుతున్నారు, ఎప్పుడు అన్నదానికి అది జవాబు కాదు. పైగా ఇది ఒక్క జమ్మి గొడవా కాదు. ఉగాదికి వేప పూత ఎక్కడిది? కానుగ లేతాకు ఎప్పుడు వస్తుంది? అన్నీ తొలకరికి ముందే.

విత్తనాల_విజయ
జమ్మి_ఆకు గారితో ఏకీభవిస్తాను. లోతు వేరున్న చెట్లకి వేడి, పగటి పొడవు సంకేతాలవుతాయి. వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉంటే మొదటి రోజు నుంచే పని మొదలవుతుంది, పైగా పురుగుల బెడద వానాకాలంలోనే ఎక్కువ. ఇంకా విచిత్రం కావాలంటే ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్‌లో ఫైదర్‌బియా చెట్టు. వానాకాలంలో ఆకు రాల్చి బోడిగా ఉంటుంది, పొడి కాలంలో పచ్చగా ఉంటుంది. రైతులకి పండగే, కింద సజ్జలు వేసుకుంటే ఎండ తగులుతుంది, వేసవిలో పశువులకి నీడ, మేత.

కోరమంగళ_కోడర్
వానాకాలంలో ఆకు రాల్చే చెట్టా? బాబాయ్ గారి బీపీ చూడండి ఎవరైనా.

బసవనగుడి_బాబాయ్
బీపీ బానే ఉంది. ఆఫ్రికా చెట్ల సంగతి నాకెందుకు, బెంగళూరు బాల్కనీ గురించి కదా అడిగింది.

మేడమీద_మల్లిక
అవును, నా బాల్కనీకి వద్దాం 🙂 పగటి పొడవు అన్నారు కదా, అది ఇక్కడ పనిచేస్తుందా? మనకి ఎప్పుడూ ఆరింటికే తెల్లారుతుంది.

సోనోరా_రిటర్న్
మంచి ప్రశ్న. టక్సన్‌లో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ నాలుగు గంటలకి పైగా తేడా. బెంగళూరులో గంటన్నరే. పగటి పొడవు చూసి పూయాల్సిన మొక్కకి ఇక్కడ ఆ సంకేతం బలహీనంగా అందుతుంది. కొన్ని కాక్టస్‌లు ఇక్కడ ఒళ్లు పెంచుకుంటాయి తప్ప పూయవు. వాటిలో చాలావాటికి చలికాలంలో చల్లగా, పూర్తి పొడిగా గడిస్తేనే మొగ్గ వస్తుంది. మనం జాలిపడి డిసెంబర్‌లో కూడా నీళ్లు పోస్తాం.

వైట్‌ఫీల్డ్_వదిన
లిథాప్స్ దక్షిణాఫ్రికావి కదా, వాళ్లకి చలికాలం మన ఎండాకాలంలో. మరి మన దగ్గర ఆ మొక్క ఏ దేశం టైమ్ చూస్తుంది?

కుండీల_కుమార్
మొక్క పాస్‌పోర్ట్ చూడదు వదినా. వచ్చిన కొత్తలో కొన్నాళ్లు తికమకపడి, తర్వాత ఇక్కడి చలికీ వేడికీ సర్దుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని నమక్వాలాండ్‌లో వానలు మే నుంచి ఆగస్టు దాకా, పూత ఆగస్టు, సెప్టెంబర్‌లో. అక్కడి జాతులే మన వైపు అక్టోబర్ నుంచి మార్చి దాకా పెరుగుతాయి. (అక్కడికి పూలు చూడ్డానికి ఎవరైనా వెళ్తే మబ్బు రోజు వెళ్లకండి, రేకులు విప్పవు.)

మల్లిక గారూ, మళ్లీ లిథాప్స్ కొంటే ఇలా చూడండి. ముసురు మొదలయ్యే ముందే వాన తగలని, గాలి ఆడే చోటుకి మార్చండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు నీళ్లే వద్దు. పూత అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో, అప్పుడు కుండీ పూర్తిగా ఆరాక ఒకసారి తడపండి. ఆ తర్వాత మధ్య చీలికలోంచి కొత్త ఆకుల జత వస్తుంది, అది పాత జతలోని నీళ్లు తాగే పెరుగుతుంది. ఆ నెలల్లో మీరు పోస్తే పాతది వాడిపోదు, రెండు జతలూ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి. పాత ఆకు కాగితంలా ఎండేదాకా ఆగండి. మట్టిలో కోకోపీట్ ఉంటే తీసి పారేసి, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) గానీ జల్లించిన ఇటుక ముక్కలు గానీ ఎక్కువ కలపండి. ఏయోనియంకి వేసవిలో నీడ, అక్టోబర్ నుంచి నీళ్లు. అడీనియంకి దీనికి తిరగేసి. మూడూ ఒకే షెల్ఫులో పెట్టొద్దు, అదే అసలు గొడవ.

మేడమీద_మల్లిక
షెల్ఫులు విడదీస్తాను. లిథాప్స్ మాత్రం చలికాలం మొదలయ్యాకే కొంటా.

అనంత_రైతుబిడ్డ
ఇంతమంది ఇన్ని చెప్పారు, మా ఊరి సర్కారు తుమ్మ ఊసు ఎవరూ ఎత్తలేదు. అది ఏ కార్తెనీ లెక్కచేయదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా పచ్చగానే ఉంటుంది.

విత్తనాల_విజయ
అది అమెరికా ఖండపు పొడి నేలలది, జమ్మికి దూరపు చుట్టమే. లోతైన వేరు, పైపైన కూడా వేళ్ల వల, ఏడాదిలో ఒకటికి రెండుసార్లు కాయ. మన దేశంలో 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి వేశారు. ఎక్కడో తెలుసా? కడప జిల్లా కమలాపురంలో.

కడప_కారం
ఏంది, మా కమలాపురంలోనా? పొలం గట్టు మీద దాన్ని కొట్టలేక మా నాయన చేతులు బొబ్బలెక్కేవి. ఈ ముక్క ఊళ్లో ఎవరికీ చెప్పొద్దక్కా.

బసవనగుడి_బాబాయ్
జమైకాలో వానలు బాగానే పడతాయి. ఊరికే గుర్తుచేస్తున్నా.